పెరటి పూల పుట్టిళ్లు

సంక్రాంతి బంతులు వాడిపోయి కుండీలు ఖాళీ అయ్యేవేళకి మొక్కల బండివాడు వీధిలో కేక పెడతాడు. వాడు మన ముందు పెట్టేది విచ్చిన గులాబీ. దాన్ని కొనడం సులువే, చైత్రం దాకా నిలబెట్టడమే కష్టం. మనకి వసంతం అంటే రెండు వారాల మురిపెం, ఆపైన అంతా ఎండే కదా! అంచేత ఎండకి బెదరని మొక్కల్నే ఎంచుకోవాలంటాను నేను. ఈ సులువు మొక్కల పుట్టుపూర్వోత్తరాలు తవ్వితే భలే కథలు బయటపడతాయి.

మల్లె మన పిల్లే. చలికాలం చివర కొన్నాళ్లు నీళ్లు మాన్పించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తే మళ్లీ చిగిర్చి మొగ్గ తొడుగుతుంది. ఈ పిల్లే ఫిలిప్పీన్సులో 1934లో జాతీయ పుష్పమై కూర్చుంది. కొందరికి మెట్టినింటనే మర్యాద ఎక్కువ!

చంద్రకాంత అలా కాదు, మనింటికొచ్చిన కోడలు. పుట్టిల్లు అమెరికా ఖండపు వేడి ప్రాంతాలు. 16వ శతాబ్దంలో ఐరోపా చేరితే అక్కడివాళ్లు ‘పెరూ అద్భుతం’ అన్నారు. మిరియంలాంటి నల్లగింజ మట్టిలో గుచ్చితే చాలు, సాయంకాలం కాఫీవేళకి పువ్వు విచ్చుకుంటుంది. జర్మనీలో కార్ల్ కారెన్స్ అనే శాస్త్రజ్ఞుడు 1909లో దీనిమీదే ఒక సంగతి తేల్చాడు. కొన్ని చంద్రకాంతలకి ఒకే మొక్కమీద పచ్చ ఆకుల కొమ్మ, తెల్ల ఆకుల కొమ్మ, మచ్చల కొమ్మ ఉంటాయి. పుప్పొడి ఎక్కణ్ణించి తెచ్చి అద్దినా, పుట్టే మొక్క ఆకురంగు మాత్రం గింజకట్టిన తల్లికొమ్మని బట్టే వచ్చిందిట. తండ్రికి ప్రమేయమే లేదు! మనవడి గుణాలన్నీ తమ వంశానివేననే అత్తగారున్న ఇంట్లో ఈ మొక్క తప్పకుండా ఉండాలి.

అసలు నేను చెప్పాలని కూర్చున్నది బిళ్లగన్నేరు సంగతి. పాపం, దాన్నెవరూ జడలో పెట్టుకోరు. వేరే పూలు దొరకనినాడు దేవుడికి నాలుగు కోస్తాం, అంతే. పిట్టగోడ పగుల్లో కూడా మొలుస్తుంది కనక మనకి లోకువ. దీని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. 18వ శతాబ్దంలో గింజలు పారిస్ తోటకీ, అక్కణ్ణించి లండన్‌లోని చెల్సీ తోటకీ వెళ్లాయి. క్రమంగా వేడి దేశాలన్నిటా పాకింది.

జమైకాలో దీని ఆకులు కాచి షుగరుకి తాగేవారు. 1952లో అక్కణ్ణించి ఒక రోగి కెనడాలోని డాక్టర్ క్లార్క్ నోబుల్‌కి పాతిక ఆకులు పంపాడు. ఆయన వాటిని తమ్ముడు రాబర్ట్‌కి అందించాడు. ఆ ఆకుల సారాన్ని ఎలుకలకి ఎక్కిస్తే షుగరు తగ్గలేదు గానీ తెల్లరక్తకణాలు పడిపోయాయి. మరొకరైతే పారేసేవారే! తెల్లకణాలు విపరీతంగా పెరిగే రక్తక్యాన్సర్‌కి ఇది పనికొస్తుందేమోనని రాబర్ట్, చార్లెస్ బీర్ కలిసి శోధించి, 1958లో విన్‌బ్లాస్టిన్ అనే మందుని ప్రకటించారు. దాని చెల్లెలు విన్‌క్రిస్టిన్‌కి 1963లో అమెరికా అనుమతిచ్చింది. అంతకుముందు రక్తక్యాన్సర్ వచ్చిన పసివాళ్లు దక్కడం బహు అరుదు. ఇవాళ మంచి వైద్యం అందేచోట, పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకానికి, ఈ మందుతోపాటు మరికొన్ని కలిపి ఇస్తే పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఒక్క గ్రాము మందుకి వందల కిలోల ఎండుటాకులు కావాలిట.

ఇది చదివి ఎవరూ ఆకులు కషాయం కాచుకోకండి, విషం! చంద్రకాంత గింజా అంతే, పసిపిల్లల నోట పడనివ్వకూడదు.

బిళ్లగన్నేరుకి డబ్బు పెట్టక్కర్లేదు. పక్కింటావిడ నడిగి, కాయ పసుపెక్కి పగలబోయేముందు కోసి తెచ్చుకోండి. లోపల ఆవగింజకన్నా సన్నటి నల్లగింజలుంటాయి. సంక్రాంతి వెళ్లగానే చల్లి, వెలుతురు తగలకుండా పైన పల్చగా మట్టి కప్పాలి. నీళ్లు మాత్రం ప్రేమకొద్దీ పొయ్యకండి, వేరు కుళ్లుతుంది.