ఆదివారం చదువులు

మన సాఫ్టువేరు జనాల్లో ఎవరి లాగిన్ తెరిచి చూసినా సగంలో వదిలేసిన కోర్సులు ఓ అరడజనైనా కనిపిస్తాయి. మెషీన్ లెర్నింగు ఒకటి, క్లౌడు ఒకటి, అప్రైజలుకి ముందు మేనేజరు కంట్లో పడ్డానికి చేరింది ఇంకొకటి. "ఎప్పుడైనా, ఎక్కడైనా, మీ వీలుని బట్టి" అని ఆ సైట్లవాళ్ళు ఊదరగొడుతుంటే ఇదంతా 2011లో స్టాన్‌ఫర్డువాళ్ళు ఓ మెషీన్ లెర్నింగు కోర్సుని లక్షమందికి ఉచితంగా పెట్టినప్పుడు పుట్టిన విద్య అనుకుంటాం. పాశ్చాత్యుల సంగతి అలా ఉంచండి. ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, పెద్దయ్యాక చదువుకోవడం మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కనీసం తొంభై ఏళ్ళ పాత కథ. దానికోసం ప్రత్యేకంగా ఓ విశ్వవిద్యాలయం పెట్టిన మొదటి రాష్ట్రం కూడా మనదే. ఆ కథ తెలిస్తే మన అరడజను కోర్సులు ఎందుకలా మిగిలిపోయాయో కూడా కొంచెం అర్థమవుతుంది.

మొదట చిన్న ఊళ్ళ సంగతి. మా చల్లపల్లి లాంటి చోట ఒకప్పుడు "వీలుని బట్టి చదువు" అంటే టైపు ఇన్‌స్టిట్యూటే. పొద్దున్న ఆరు నుంచి రాత్రి దాకా గంటకో బ్యాచి. కాలేజీ కుర్రాళ్ళు ఒక గంట, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు ఒక గంట, పెళ్ళి కుదిరేలోగా ఏదో ఒకటి నేర్చుకుందామని వచ్చే ఆడపిల్లలు ఒక గంట. లోయరు, హయ్యరు, ఓపికుంటే షార్టుహ్యాండు. ఆ షార్టుహ్యాండు కనిపెట్టిన పిట్‌మన్ ఉన్నాడే, ఆయన 1840లో ఇంగ్లండులో దాన్ని పోస్టు ద్వారా నేర్పాడు. విద్యార్థి అభ్యాసం రాసి పంపితే, తప్పులు దిద్ది తిప్పి పంపేవాడు. దూరవిద్యకి ఆద్యుడంటే ఆయన్నే చెప్తారు. అలా టపాలో మొదలైన విద్య మన ఊళ్ళకొచ్చేసరికి బల్లలూ మిషన్లూ మాస్టారూ ఉన్న గదిగా మారింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు కాలవల దగ్గరికి వద్దాం. కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యింది. కాలవలు తవ్వింది పొలాలకి నీళ్ళకోసమే అయినా, సరైన రోడ్లు లేని డెల్టాలో చాలాకాలం అవే రహదారులు. ధాన్యం పడవల్లోనే, మనుషులూ పడవల్లోనే. పడవ ప్రయాణమంటే గంటలకి గంటలు కూర్చోవడం, ఇప్పుడు మనం బెంగుళూరు అవుటర్ రింగు రోడ్డులో క్యాబులో కూర్చున్నట్టే. మరి ఆ ఖాళీ టైములో చదువుకోడానికి ఓ పుస్తకం చేతికిస్తే? ఈ ఆలోచన వచ్చినాయన పాతూరి నాగభూషణం గారు. 1935లో, తెనాలి ప్రాంతంలోని పెదపాలెం కేంద్రంగా, కాలవ పడవల్లో గ్రంథాలయం నడిపించారు. పడవెక్కినవాళ్ళు చదువుకుంటూ పోయేవాళ్ళు. చదువు కావాలంటే బడికి రండి అనడం కాకుండా, మనిషి ఉన్నచోటికి, మనిషికి తీరికున్న వేళకి చదువే వెళ్ళడం. "మొబైల్ లెర్నింగు" అని పవర్‌పాయింటు స్లైడ్లు వేసి మరీ మనకి చెప్పేది ఇదే కదా!

నాగభూషణం గారు ఒంటరిగా ఊడిపడిన మనిషేం కాదు. 1914 ఏప్రిల్లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల ప్రతినిధులంతా చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన సమావేశమయ్యారు. దాని వెనక శ్రమంతా అయ్యంకి వెంకటరమణయ్య గారిది. స్వాతంత్ర్యోద్యమానికీ గ్రంథాలయానికీ అప్పట్లో మధ్యన గోడ లేదు. ఊళ్ళో లైబ్రరీ అంటే పేపరు పైకి చదివి వినిపించే చోటు, అక్షరం రానివాడు కూడా వచ్చి కూర్చునే చోటు. 1930లలో రంగా గారు నిడుబ్రోలులో రైతులకి విద్యాలయం పెట్టారు. 1937లో కొత్తపట్నంలో వేసవి రాజకీయ పాఠశాల పెడితే సర్కారు నిషేధించింది. వేసవి సెలవుల్లో పెద్దవాళ్ళు చదువుకుంటామంటే ప్రభుత్వం భయపడిందన్నమాట.

భయపడ్డం అంటే ఇంకోటి గుర్తొస్తోంది. ఇక్కడ కాస్త పక్కదారి పట్టినా ఫరవాలేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. పగలంతా పొలం పని, రాత్రిపూట చదువు. వాచకంలో సారా వల్ల పాడైన సంసారం గురించి ఓ పాఠం ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం గురించి మాట్లాడుకుని, అక్కడితో ఆగకుండా వెళ్ళి ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. అది జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. రెండోదాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. నాకు ముఖ్యమనిపించేది ఏంటంటే, అదే పాఠాన్ని అదే ఆడవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒంటరిగా చదువుకుని ఉంటే ఏమయ్యేది? ఓ అక్షరాస్యత సర్టిఫికెట్టు వచ్చేది, అంతే.

సరే, అసలు విషయానికొస్తే, ఓపెన్ యూనివర్సిటీ.

అంతకుముందు పెద్దవాళ్ళు డిగ్రీ తెచ్చుకోవాలంటే "ప్రైవేటుగా కట్టడం" ఒక దారి. ఇంట్లో చదువుకుని వెళ్ళి పరీక్ష రాసేయడం. 1972లో ఆంధ్రా యూనివర్సిటీ కరస్పాండెన్సు కోర్సులు మొదలుపెట్టింది. మంచిదే, కానీ డిగ్రీలో చేరాలంటే ముందు ఇంటరో దానికి సమానమైనదో ఉండాలి. పదిలోనో ఇంటర్లోనో తప్పి, పొలంలోకో గుమాస్తాగిరీలోకో వెళ్ళిపోయినవాడికి తలుపు అక్కడే మూసుకునేది. ఆడవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, పెళ్ళితో పుస్తకాలు అటకెక్కేవి.

1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఇండియాలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. అప్పుడు ముఖ్యమంత్రి భవనం వెంకట్రామ్ గారు. ఆయన ఆ కుర్చీలో ఉన్నది ఏడు నెలలే. ఏడు నెలల ముఖ్యమంత్రి పేరు ఇలా మిగలడం మన రాజకీయాల్లో అరుదు. మొదటి వైస్ చాన్సలరు జి. రామిరెడ్డి గారు. రాజనీతిశాస్త్రం ప్రొఫెసరు, పంచాయతీరాజ్ మీద పుస్తకాలు రాసినాయన, అంతకుముందు ఉస్మానియా వీసీ. తర్వాత 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ ఓపెన్ యూనివర్సిటీ పెడితే దానికీ ఆయనే మొదటి వీసీ. అంటే దేశానికి ఆ మోడల్ వెళ్ళింది ఇక్కణ్ణుంచి. నమూనా మాత్రం బ్రిటిషువాళ్ళ ఓపెన్ యూనివర్సిటీదే, అది 1969లో చార్టరు పొంది 1971లో పాఠాలు మొదలుపెట్టింది. అంబేద్కర్ శతజయంతి సంవత్సరం 1991లో మన విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఇందులో విప్లవం ఎక్కడుందంటే, ఇంటరు లేకపోయినా ఓ అర్హత పరీక్ష రాసి పాసైతే అప్పట్లో డిగ్రీలో చేరనిచ్చారు. అంతే! ఈ ఒక్క వాక్యం ఎంతమంది కండక్టర్లకీ, గుమాస్తాలకీ, ఇల్లాళ్ళకీ రెండో అవకాశం అయ్యిందో మీ చుట్టాల్లోనే వెతకండి, ఒకళ్ళైనా దొరుకుతారు.

రెండోది పుస్తకాలు. ఇంజనీరు కళ్ళతో చూస్తే నాకు బాగా నచ్చేది ఇదే. మామూలు పాఠ్యపుస్తకం పక్కన మాస్టారు ఉన్నాడనుకుని రాసేది. ఇక్కడ మాస్టారు లేడు కాబట్టి పుస్తకమే మాస్టారు కావాలి. పాఠం మొదట్లో ఇందులో ఏం నేర్చుకుంటారో చెప్పడం, మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలడగడం, జవాబు సరిచూసుకోమనడం. ఒకళ్ళు రాస్తే ఇంకొకళ్ళు సరిదిద్దేవాళ్ళు, కోడ్ రివ్యూ అనుకోండి. అదీ తెలుగులో. ఆ బీఏ పుస్తకాలు ఎంత కుదిరాయంటే, యూనివర్సిటీలో చేరనివాళ్ళు కూడా గ్రూప్ వన్, గ్రూప్ టూలకి తెలుగు అకాడమీ పుస్తకాల పక్కన వాటిని పెట్టుకుని చదివేవాళ్ళు. చేతులు మారి మారి అట్టలూడిన కాపీలు హాస్టలు గదుల్లో తిరిగేవి.

మూడోది స్టడీ సెంటరు. ఉన్న కాలేజీల్లోనే, వాళ్ళకి సెలవైన ఆదివారాల్లో, ఆ కాలేజీ లెక్చరర్లతోనే క్లాసులు. సొంత భవనాలు కట్టుకుంటూ కూర్చుంటే ఈపాటికి పునాదులు తవ్వుతుండేవాళ్ళు. ఇది పంచాయతీరాజ్ చదివిన మనిషి బుర్రలోంచి వచ్చిన ఆలోచనేమో అని నా ఊహ: కేంద్రం హైదరాబాదులో ఉన్నా మనిషికి పని పడేది తన పక్క ఊళ్ళోనే. క్లాసుకి వెళ్ళడం తప్పనిసరేం కాదు. కానీ మొగుడికి టిఫిను పెట్టి, పిల్లాణ్ణి అత్తగారి దగ్గర దింపి, బస్సెక్కి వచ్చే ఆవిడకి ఆ ఆదివారం అంటే పాఠం ఒక్కటే కాదు. తనలాంటివాళ్ళు ఇంకో నలభైమంది అక్కడ ఉన్నారని తెలియడం. వరసగా రెండు వారాలు రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి ఉండడం.

ఇంతవరకూ తీపి. చేదు ఎక్కడంటే, ఇంత కష్టపడి తెచ్చుకున్న కాగితానికి విలువెంత?

"ఓపెన్ డిగ్రీ" అనే మాటలోనే ఓ వెటకారం ఉంటుంది. వినే ఉంటారు, బహుశా అనే ఉంటారు కూడా. జనం వెటకారం దాకా అయితే సరిపెట్టుకోవచ్చు, కోర్టుల దాకా వెళ్ళింది. మూడేళ్ళ డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా తెచ్చుకున్న పీజీ ఉద్యోగానికి చెల్లదని 2009లో అన్నామలై యూనివర్సిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన వృత్తికి దగ్గరిది ఇంకోటి, 2017 నవంబరు 3న వచ్చింది. నాలుగు డీమ్డ్ యూనివర్సిటీలు ఏఐసీటీఈ అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు డిగ్రీల గురించి. 2001 నుంచి 2005 దాకా చేరినవాళ్ళ డిగ్రీలు సస్పెండు చేసి, మళ్ళీ పరీక్ష రాసి పాసైతేనే చెల్లుతాయన్నారు. ఆ తర్వాత చేరినవాళ్ళవి రద్దే. డిప్లొమాతో ఉద్యోగంలో చేరి, రాత్రుళ్ళు చదివి డిగ్రీ సంపాదించి, దానిమీద ప్రమోషను తెచ్చుకుని, నలభయ్యో పడిలో ఉన్న మనిషి మళ్ళీ 2018లో పరీక్ష హాల్లో కూర్చోవడం ఊహించుకోండి. తప్పు ఎవరిది? అనుమతి లేకుండా అమ్మినవాళ్ళది, చూస్తూ ఊరుకున్నవాళ్ళది. శిక్ష మాత్రం కొనుక్కున్నవాడికి.

ఏఎంఐఈ సంగతీ అంతే. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ళ సెక్షన్ ఎ, సెక్షన్ బి పరీక్షలు రాసి డిప్లొమావాళ్ళు తరాల తరబడి ఇంజనీర్లయ్యారు. అవేం తేలిక పరీక్షలు కావు, రాసినవాళ్ళనడగండి. 2013 మే 31 దాకా నమోదైనవాళ్ళకే బీటెక్‌తో సమానమన్న గుర్తింపు అన్నారు. అలా ఆ తలుపు కూడా దగ్గరికి వేశారు. కంపెనీ స్పాన్సరు చేస్తే ఉద్యోగం చేస్తూనే చదువుకునే బిట్స్ పిలానీ ప్రోగ్రాము 1979 నుంచీ ఉంది. కానీ దానికి ముందు ఉద్యోగం ఉండాలి, అదీ మంచి కంపెనీలో.

కాబట్టి ఆన్‌లైను వచ్చినప్పుడు నిజంగా తీరిన సమస్య ఏది? పాఠం దొరకడం. ఐఐటీలవాళ్ళు 2003 నుంచి ఎన్‌పీటెల్ వీడియోలు మొదలుపెట్టాక మంచి పాఠం దొరకలేదనే మాటకి అర్థం లేకుండా పోయింది. కానీ మన ఓపెన్ యూనివర్సిటీ చూపించినట్టు పాఠం మూడో వంతే. మిగతా రెండూ, ఎదురుచూసే మనిషీ చెల్లే కాగితమూ, ఇంకా అలాగే ఉన్నాయి. ఎంఐటీ, హార్వర్డుల ఆన్‌లైను కోర్సుల మీద 2019లో 'సైన్స్' పత్రికలో లెక్కలొచ్చాయి. 2017-18లో చేరినవాళ్ళలో పూర్తి చేసింది 3.13 శాతం. డబ్బు కట్టి సర్టిఫికెట్టు కోసం చదివినవాళ్ళలో 46 శాతం. జేబులోంచి పోతే గానీ మనిషి కదలడని దీన్ని కొట్టిపారేయొచ్చు. నాకు మాత్రం ఇంకోలా అనిపిస్తుంది: వాళ్ళకి చివర్లో చెల్లే కాగితం ఒకటి ఉంది.

ఎన్‌పీటెల్ వాళ్ళకి ఇది తొందరగానే తెలిసినట్టుంది. 2014లో సర్టిఫికెట్ కోర్సులు పెట్టినప్పుడు పాఠాలు ఉచితంగా ఉంచి, పరీక్ష మాత్రం డబ్బు కట్టి కేంద్రానికి వెళ్ళి రాయమన్నారు. కాలేజీల్లో లోకల్ చాప్టర్లు పెట్టి, విద్యార్థుల వెంటపడ్డానికి ఓ లెక్చరరుని పెట్టారు. ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైను డేటా సైన్సు డిగ్రీకి కూడా పాఠం ఇంట్లో, పరీక్షకి మాత్రం మనిషి కదిలి వెళ్ళాలి. నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ సెంటరు దగ్గరికే వచ్చారు.

చల్లపల్లి నుంచి మోపిదేవి మీదుగా పులిగడ్డ దాటితే అవనిగడ్డ. దివిసీమలో ఓ మారుమూల ఊరు, రైలు కూడా లేదు. కానీ టీచరు ఉద్యోగాల డీఎస్సీ కోచింగంటే రాష్ట్రమంతా చెప్పే పేరు ఆ ఊరిదే. బీఈడీలూ టీటీసీలూ పూర్తిచేసినవాళ్ళు దూరపు జిల్లాలనుంచి వచ్చి గదులు అద్దెకి తీసుకుంటారు. వాళ్ళలో పెళ్ళయినవాళ్ళున్నారు, పిల్లల్ని అమ్మగారింట్లో వదిలొచ్చినవాళ్ళున్నారు. అందరి చేతుల్లో ఫోనుంది, ఫోన్లో అవే పాఠాలు చెప్పే యూట్యూబు చానళ్ళు బోలెడు. అయినా గది అద్దె కట్టి, మెస్సులో తిని, పొద్దున్నే నోట్సు పట్టుకుని క్లాసుకి వెళ్ళి ముందు బల్లలో చోటు పట్టుకుంటారు.