పాలపిట్ట నీలము

తెలుగునాట దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని యెంచుదురు. చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల పొలములలో కరెంటు తీగెలపై కూర్చుండు ఈ పక్షిని మన కన్నడ సోదరులు నీలకంఠమందురు. కర్ణాటకమునకును, తెలంగాణమునకును రాష్ట్రపక్షి యిదియే. దాని నీలము ఎండకు వెలియదు. ఏల? ఈ ప్రశ్నను విచారించినవారిలో ఒకరు మన పొరుగున బెంగుళూరులోనే యుండిరి.

సర్ సి. వి. రామన్ 1888లో తిరుచిరాపల్లిలో జన్మించినను, బాల్యమున చదివినది విశాఖపట్టణమున. అచ్చటనే 11వ యేట మెట్రిక్యులేషన్ ముగించెను. (ఈ వ్యాసకర్తయు మెట్రిక్యులేటే, ఏ వయస్సున అని అడుగవలదు.) 1930లో నోబెల్ బహుమానము పొంది, 1933లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు డైరెక్టరుగా వచ్చెను. మరుసటి యేడు, తాను స్థాపించిన అకాడమీ పత్రికలో పక్షుల యీకల రంగులను గూర్చి వ్యాసము ప్రకటించెను. అందు పరీక్షింపబడినది మన పాలపిట్ట యీక! ఆకాశనీలమునకు చెప్పు కారణ మొక్కటే దీనికి చాలదని ఆయన వాదించెను.

కడప సీమలో పూర్వము విరివిగా పండిన నీలిమందును ఎంత నూరినను నీలమే. పాలపిట్ట యీకను నూరినచో నీలము మాయమై గోధుమవన్నె పొడి మిగులును. అందు నీలిద్రవ్యమే లేదు. ఈక పోగులలో స్పంజివలె గుల్లగానున్న భాగమున కంటి కానని గాలిరంధ్రములు నీలపు వెలుగును మరలించును. అడుగునున్న నల్లని పదార్థము తక్కిన వెలుగును మ్రింగివేయును. పట్టుచీరల అద్దకము గాని, మేము లెడ్జరులలో వాడిన చవుక సిరా గాని వెలియుటకు కారణము రంగు అణువులు వెలుగుకు విరుగుటయే. ఇచ్చట విరుగుటకు రంగు లేదు, కట్టడము మాత్రమే కలదు. అది నలిగినచో నీలమును పోవును. దసరాకు ఈ పక్షిని పట్టి, రెక్కలు కట్టి, ఇంటింట చూపి పైకము పుచ్చుకొనువారు ఇంకను కలరు. 1972 నాటి వన్యప్రాణి చట్టము దీనిని నిషేధించినది.

ఈ విద్యను నేడు లోహములతో సాధించుచున్నారు. సన్నని లోహకణముల ఎలక్ట్రానులు వెలుగుతోపాటు ఊగి, కణపు పరిమాణమును బట్టి ఒక్కొక్క వన్నె నిచ్చును. 2012లో సింగపూరు శాస్త్రజ్ఞులు వెండి బంగారముల చుక్కలతో, అంగుళమునకు 1,00,000 చొప్పున, రంగు పూయకయే రంగుబొమ్మను అచ్చువేసిరి. 2023లో ఫ్లోరిడాలో దేబాశిష్ చందా బృందము సీతాకోకచిలుక రెక్కను ఆదర్శముగా గొని అల్యూమినియముతో రంగు చేసెను. బోయింగ్ 747 విమానమున కంతటికిని 1.4 కిలోలు చాలునని వారి లెక్క. మామూలు రంగు 450 కిలోలకు తక్కువ పట్టదు.

మూలము మాత్రము ప్రాతదే. 1857లో లండనులో మైకేల్ ఫారడే బంగారమును అతిసూక్ష్మ కణములుగా నీట నిలిపి కెంపువన్నె ద్రవము చేసెను. ఆ సీసాలు కొన్ని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో నేటికిని ఎఱ్ఱగానే యున్నవి.