టిక్కెట్టు లేని ప్రేక్షకుడు

చలనచిత్రశాల ద్వారమునొద్ద టిక్కెట్లు చించు మనిషి లెక్కింపని ప్రేక్షకుడొకడు కలడు. అతడు తల్లి భుజముపైనో, తండ్రి చంకనో ఉండి లోనికి పోవును. అతనికి ఆసనము లేదు, వెల లేదు, చిత్రము నెంచుకొను స్వాతంత్ర్యము లేదు. నచ్చనిచో లేచిపోవుటకు తగిన కాళ్లును లేవు. అతనికున్న ఆయుధ మొక్కటే, ఏడుపు. అది వినబడగానే శాలలోని వారందరును తల్లివైపు తిరిగి చూతురు. చంటిబిడ్డను సినిమాకు తోడ్కొనిపోవుట చిన్న విషయముగా తోచవచ్చును. కాని దానికి నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. అందు నవ్వులు కలవు, శాసనములు కలవు, పసివారి మరణములును కలవు.

సూరత్ నగరమున తాపీనది ఒడ్డున నున్న వరాఛా ఈ విషయమును తలపోయుటకు తగిన తావు. అచట వజ్రములకు సానపట్టు కర్మాగారములు మెండు. ఆ పనివారిలో పెక్కురు సౌరాష్ట్రమునందలి అమ్రేలీ, భావనగర్ జిల్లాల నుండి బ్రతుకుతెరువునకై వచ్చినవారు. అదే నగరమున లింబాయత్, ఉధనా మొదలగు పేటలలో తెలంగాణము నుండి తరలివచ్చిన నేతపనివారు మరమగ్గములను నడుపుచు తరములుగా నివసించుచున్నారు. వారి పిల్లలకొరకు నగరపాలక సంస్థవారి తెలుగు పాఠశాలలును వెలసినవి. భాషలు వేరైనను ఈ రెండు సమాజముల గృహస్థితి ఒక్కటే. అవ్వాతాతలు తరచుగా స్వగ్రామమున నుండిపోవుదురు, ఇల్లు చిన్నది, పనిగంటలు దీర్ఘములు. దొరకిన సెలవునాడు దంపతులు సినిమాకు పోదలచినచో బిడ్డను ఎవరి కప్పగింతురు? వెంట గొనిపోవలెను, లేదా సినిమా మానుకొనవలెను. మానుకొనవలసివచ్చిన నాడు ఆగిపోవునది సామాన్యముగా తల్లియే. కావున “చంటిబిడ్డలను తేవలదు” అను ఒక్క మాటతో ఈ ప్రశ్న తీరదు.

భారతీయ చలనచిత్రము పుట్టుకతోనే బిడ్డను వెంటబెట్టుకొని వచ్చినది. 1913లో దాదాసాహెబు ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ తీసినపుడు లోహితాస్యుని వేషమును ఆయన కుమారుడే ధరించెను. తెలుగు టాకీలలో మొదటిదైన ‘భక్త ప్రహ్లాద’ (1932) కథకు నాయకుడే బాలుడు. ఆ పాత్రను సింధూరి కృష్ణారావు అను బాలుడు పోషించెను. 1936లో చిత్తజల్లు పుల్లయ్య పిల్లలనే నటులుగా గైకొని ‘సతీ అనసూయ’, ‘ధ్రువవిజయము’ అను జంట చిత్రములను తీసెను. అందు అనసూయగా నటించిన బాలిక సి. కృష్ణవేణి. ఆమెయే పిమ్మట ‘మనదేశం’ (1949) నిర్మించి, ఎన్. టి. రామారావును తెరకు పరిచయము చేసినది. ఇట్లు తెరమీద బాలుడుండెను. తెరముందు నేలమీదను బాలుడుండెను.

ఆనాటి పల్లెపట్టుల డేరా సినిమాలలో చంటిబిడ్డ ఎవరికిని పెద్ద చిక్కు కాదు. నేల తరగతిలో ఇసుకమీద తల్లి చీరకొంగు పరచి బిడ్డను పరుండబెట్టెడిది. ఆడువారి కూర్చుండు చోటు వేరుగా నుండెడిది. ఏడ్చిన బిడ్డను ఇరుగుపొరుగువారు చేతులు మార్చి ఓదార్చెడివారు. గాలి ఆడుచుండుటచే ధ్వని గోడలకు తగిలి మ్రోగెడిది కాదు. ఒకే యంత్రముతో ప్రదర్శించుటచే చుట్ట మార్చినప్పుడెల్ల దీపములు వెలిగెడివి. ఆ విరామములలో తల్లి బిడ్డతో వెలుపలికి పోయి వచ్చెడిది. 1963లో ‘లవకుశ’ విడుదలైనపుడు పల్లెలవారు పిల్లాజెల్లలతో బండ్లు కట్టుకొని పట్టణములకు వచ్చిన ముచ్చట తెలుగునాట నేటికిని చెప్పుకొందురు. ఆ డేరాలలో దుమ్ము, బీడీపొగ, దోమలు లేకపోలేదు. అయినను ఒక్క మేలుండెను: బయటికి పోవు దారి నాలుగు దిక్కుల నుండెను.

గోడలు లేచి, తలుపులు మూతపడిన పిదప ఆ మేలు పోయినది. తొలినాటి నైట్రేటు ఫిలిము నిప్పురవ్వ తగిలిన భగ్గున మండెడిది. 1927 జనవరి 9న కెనడాదేశపు మాంట్రియల్ నగరమున లారియర్ ప్యాలెస్ అను సినిమాశాలలో మంట పుట్టెను. మంట చిన్నదే, కాని మెట్లమీద ఒకరిపై నొకరు పడి ఊపిరాడక 78 మంది పిల్లలు మరణించిరి. ఆ మరునాటి సంవత్సరము క్యూబెక్ ప్రభుత్వము పదునారేండ్లలోపు పిల్లలకు సినిమాశాల తలుపులనే మూసివైచెను. ఆ నిషేధము మూడు దశాబ్దములకు మించి నిలిచినది. 1929 డిసెంబరు 31న స్కాట్లండులోని పెయిజ్లీ పట్టణమున గ్లెన్ సినిమాలో పిల్లల ప్రదర్శనము జరుగుచుండెను. ఫిలిము డబ్బా ఒకటి పొగ చిమ్మెను. శాలకు నిప్పంటుకొననేలేదు. పొగను చూచి పరువెత్తిన పిల్లలకు వెనుకదారిలోని ఇనుపతలుపు తెరచుకొనలేదు. 71 మంది పసివారు అచటనే నలిగి, ఊపిరాడక అసువులు బాసిరి. వారిలో అక్కల, అన్నల వెంట వచ్చిన మిక్కిలి చిన్నవారును కలరు. ఆ పిదపనే బ్రిటనులో బయటి దారులు చాలినన్ని ఉండవలెననియు, తలుపులు వెలుపలికి తెరచుకొనవలెననియు నియమములు బిగించిరి.

భారతదేశమున 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టము రెండు భయములతో పుట్టినది: ఒకటి నిప్పు, రెండవది బొమ్మ. నిప్పునకై అనుమతిపత్రములు వచ్చినవి. బొమ్మకై సెన్సారు వచ్చినది. 1949లో చిత్రములను ‘యు’, ‘ఎ’ అని రెండు తెగలు చేసిరి. 1952లో క్రొత్త చట్టము వచ్చెను. 1983లో ‘యు/ఎ’ చేరెను. 2023 నాటి సవరణచే ఆ నడిమి తెగ మరల ఏడు, పదుమూడు, పదునారేండ్ల మెట్లుగా విభజింపబడెను. ఈ మెట్లు తల్లిదండ్రులకు దారిచూపు గుర్తులు. నిర్ణయము మాత్రము వారిదే.

1952 చట్టమునందు చేరిన సడలింపొకటి గమనింపదగినది. పెద్దలకు మాత్రమే తగినదని తేల్చిన చిత్రమునకైనను, తల్లిదండ్రుల వెంట వచ్చిన మూడేండ్లలోపు బిడ్డను రానిచ్చుట నేరముగా నెంచరాదని అందు చెప్పబడినది. అంత పసివానికి కథ తెలియదు గదా అని ఆ శాసనకర్తలు భావించియుందురు. కథ తెలియకపోవుట నిజమే. కాని చెవి వినును. కన్ను మిరుమిట్లు గొనును. తల్లి గుండె దడ బిడ్డకు తెలియును. టిక్కెట్టు లేనివాని నట్లు శాసనమును లెక్కలో చేర్పక విడిచిపెట్టినది. అతనిని లెక్కించు భారము పెంచినవారిమీదనే నిలిచినది.

పిల్లలకు తగిన బొమ్మలుండవలెనను తలంపు స్వాతంత్ర్యానంతరము బలపడెను. 1955లో కేంద్రప్రభుత్వము బాలల చలనచిత్ర సంఘమును నెలకొల్పెను. పండిత హృదయనాథ కుంజ్రూ దానికి ప్రథమాధ్యక్షుడు. ఆ సంఘము 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. 1979లో బొంబాయిలో ఆరంభమైన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవము పలుమార్లు హైదరాబాదున జరిగి, 2017లో ఇరువదవ ఉత్సవమునకును ఆ నగరమే వేదికయైనది. తెలుగున 1996లో గుణశేఖర్ బాలనటులతో తీసిన ‘రామాయణం’ ఉత్తమ బాలల చిత్రముగా జాతీయ పురస్కారము నందెను. ఇవి యన్నియు బడియీడు పిల్లలకు దక్కిన మేళ్లు. ఒడిలోని బిడ్డకు మాత్రము పెద్దల చిత్రమే గతి.

ఆ గతి యెంత కఠినము కాగలదో ఇటీవలి ఘటన చాటినది. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి హైదరాబాదున ఆర్. టి. సి. క్రాస్ రోడ్స్‌లోని ఒక సినిమాశాల యొద్ద ‘పుష్ప-2’ ముందస్తు ప్రదర్శనమునకు జనము విరుచుకొనిపడి తొక్కిసలాట జరిగెను. కుటుంబముతో వచ్చిన ఒక తల్లి మరణించెను. ఆమె కుమారుడు తీవ్రముగా గాయపడి నెలల తరబడి చికిత్స పొందెను. 2025 జనవరిలో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము, పదునారేండ్లలోపు వారిని ఉదయము 11 గంటలకు ముందును, రాత్రి 11 గంటల తరువాతను సినిమాశాలలలోనికి అనుమతింపరాదని మధ్యంతరముగా ఆదేశించెను. కొలది వారములకే ఆ నిషేధము సడలింపబడెను. మాంట్రియల్‌లో మూడు దశాబ్దములు నిలిచిన ప్రశ్న ఇచట కొలది వారములలో తిరుగాడినది: తలుపు మూయుటయా, లోన జాగ్రత్త పెంచుటయా?

వరాఛా ప్రాంతమువారికి ఈ ప్రశ్న పుస్తకములలోనిది కాదు. 2019 మే 24న ఆ ప్రక్కనే యున్న సర్థాణాలో తక్షశిల అను వాణిజ్యభవనమున మంటలు లేచి, పై అంతస్తులోని శిక్షణ తరగతులకు వచ్చిన వారిలో 22 మంది మరణించిరి. పొగకు తాళలేక పెక్కురు కిటికీల నుండి దూకిరి. అది సినిమాశాల కాదు. వారు చంటివారును కారు. అయినను పెయిజ్లీ నేర్పిన పాఠమే అచటను వినబడినది: పిల్లలు చేరిన భవనమునకు లోనికి దారి ఎంత ముఖ్యమో వెలుపలికి దారి అంతకన్న ముఖ్యము.

కావున బిడ్డతో సినిమాకు పోవువారి మొదటి మర్యాద తెరవైపు గాక తలుపువైపు చూచుట. బయటి దారి యెచట నున్నదో చూచుకొని, వరుస చివరి ఆసనమును గైకొన్నచో బిడ్డ ఏడ్చినప్పుడు పదిమంది మోకాళ్లు దాటవలసిన పని యుండదు. తొలినాటి రద్దీకన్న కొన్నాళ్లు గడచిన పిదప, రాత్రి ఆటకన్న పగటి ఆట మేలు. బిడ్డ ఆకలివేళ, నిద్రవేళ తెలిసిన తల్లియే ఆటవేళను నిర్ణయింపదగినది. ఏడుపు పుట్టగానే, ఊరుకొనునేమో యని వేచియుండక, వెలుపలికి పోవుట ప్రక్కవారికిని బిడ్డకును ఉపకారము. ఆ పోవుటలో తల్లితండ్రులు వంతులు వేసికొనవలెను. అందు తండ్రి వంతు ముందుగా వచ్చినచో మరింత న్యాయము. సగము చిత్రమే చూచి యింటికి మరలవలసి వచ్చినను టిక్కెట్టు పైకము నష్టమని తలపరాదు.

ధ్వని విషయమున మరియొక హెచ్చరిక యున్నది. సంగీతప్రదర్శన స్థలములలో సగటు ధ్వని 100 డెసిబెల్సు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించినది. అది పెద్దలను దృష్టిలో నుంచుకొన్న హద్దు. లేత చెవికి అంతకన్న తక్కువయే క్షేమము. రెండేండ్లలోపు బిడ్డలకు కూర్చుండబెట్టి తెర చూపుట తగదనియు ఆ సంస్థయే 2019లో చెప్పినది. అంత చిన్న బిడ్డ సినిమాకు పోవుట తనకొరకు కాదు, తల్లికొరకు. ఈ సంగతి ఒప్పుకొన్నచో ప్రక్కవారు బిడ్డను గాక తల్లి విశ్రాంతిని గౌరవించుట నేర్తురు.

శాలలవారికిని ఇందు పాలు కలదు. గాజు తెరవెనుక తల్లి బిడ్డతో కూర్చుండి చిత్రము చూడగల గదులు అమెరికాలోని కొన్ని సినిమాశాలలలో చాలకాలము క్రిందటనే వెలసినవి. 2022లో కేరళ రాష్ట్ర చలనచిత్రాభివృద్ధి సంస్థ తిరువనంతపురములోని తన సినిమాశాలలో అట్టి గదిని ఏర్పరచి, అందు ఊయెలయు, బిడ్డ బట్టలు మార్చు తావును కల్పించెను. శాలలో ఒక మూల ఒక గాజుగది కట్టుట వజ్రమునకు సానపట్టుటకన్న కష్టమైన పని కాదు.

వరాఛా వాసులలో పెక్కుర స్వస్థలమైన అమ్రేలీ ప్రాంతముననే, చిత్తల్ గ్రామమున, 1885లో గిజూభాయి బధేకా జన్మించెను. న్యాయవాద వృత్తిని విడిచి, 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పి, ‘మీసములున్న అమ్మ’ యని పిల్లలచే పిలిపించుకొన్న మహనీయుడాయన. బిడ్డను పెద్దల చూపుతో గాక బిడ్డ చూపుతోనే చూడవలెననునది ఆయన జీవితసారము. ఆ చూపు సినిమాశాలలోనికిని రావలెను. ముందటి వరుసవాడు వెనుదిరిగి విసుగుకొనుటకు ముందు, తానును ఒకనాడు ఒక ఒడిలో టిక్కెట్టు లేకయే కూర్చుండినవాడని తలచుకొనవలెను. తల్లిదండ్రులు లోనికి పోవుటకు ముందు, తాము కొన్న టిక్కెట్లు రెండైనను చూడబోవువారు ముగ్గురని ఎంచుకొనవలెను. ఆ మూడవవాని లెక్క సరిపోయిననాడు, చిత్రము బాగున్నను లేకున్నను, ఇంటిల్లిపాదియు సుఖముగా ఇల్లు చేరుదురు.