బ్యాటరీ నిండినదని తెలియుట ఎట్లు?

మచిలీపట్నము ప్రక్కనున్న గిలకలదిండి రేవునుండియు, దివిసీమలోని నాగాయలంక వైపునుండియు వేటకు బయలుదేరు మరపడవలలో ఒక బ్యాటరీ ఉండును. ఇంజను స్టార్టు అగుటకు, రాత్రి దీపము వెలుగుటకు, వైర్‌లెస్ సెట్టు పలుకుటకు అదియే ఆధారము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. ఆ తరువాత మచిలీపట్నములో తుఫానులను పసిగట్టు రాడారు వెలసినది. కాని హెచ్చరిక ఎంత ముందుగా వచ్చినను, దానిని వినుటకు పడవలోని సెట్టు పనిచేయవలెను గదా! బ్యాటరీ నిండినదా, లేదా అన్నది తీరము విడువకముందే తేలవలెను. కుండలోని నీటిని చూచినట్లు దానిలోని విద్యుత్తును చూడ వీలులేదు. ఈ చిక్కు విడుటకు ఇరువది ఏండ్లకు పైగా పట్టినది.

1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగులకుండ చుట్టగా చుట్టి, నీరు కలిపిన గంధకికామ్లములో ముంచి మొదటి సీసపు సంచాయక ఘటమును తయారుచేసెను. 1881లో కామిల్ ఫార్ ఆ రేకులకు సీససిందూరపు ముద్దను పూసి, ఘటములో నిలువయగు విద్యుత్తును ఎంతో పెంచెను. అట్టి ఘటములు నాలుగు, పారిస్‌లో నింపబడినవి, ఆ ఏడే గ్లాస్గోలోని విలియం థామ్సన్‌కు చేరెను. మూడు దినముల ప్రయాణము తరువాతను వానిలో విద్యుత్తు నిలిచియుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. ఈయనయే తరువాత లార్డ్ కెల్విన్ అయ్యెను. 1882 సెప్టెంబరులో 45 సంచాయక ఘటములతో ‘ఎలెక్ట్రిసిటీ’ అను పడవ థేమ్స్ నదిపై నడచినది.

ఘటము నిండెననుటకు కంటికి కనబడు గుర్తు బుడగలు. ఆ గుర్తును పూర్తిగా నమ్మరాదు. బుడగలు నీరు హైడ్రొజన్, ఆక్సిజన్‌లుగా విడిపోవుటవలన పుట్టునవి; ఘటము నిండకముందే ఇవి మొదలగును. ప్రవాహము ఎక్కువైనచో మరింత ముందుగానే వచ్చును.

1882లో ఇంగ్లండులో గ్లాడ్‌స్టన్, ట్రైబ్ అను ఇరువురు రసాయనజ్ఞులు అసలు సంగతి బయటపెట్టిరి. విద్యుత్తు ఖర్చగునపుడు రెండు పలకలును సీసపు సల్ఫేటుగా మారును; ఆమ్లము తరిగి నీరు పెరుగును. ఛార్జి చేయునపుడు ఆమ్లము తిరిగి వచ్చును. దీనిని చాలమంది వెంటనే ఒప్పుకొనలేదు. అయినను ఫలితము స్పష్టము: ఆమ్లము ఎంత చిక్కనిదో కొలిచినచో, ఘటము ఎంత నిండినదో తెలియును.

కొలుచు పరికరము అప్పటికే పాతది. అయిదవ శతాబ్ది ఆరంభములో సైనీసియస్ అను ఆయన, ద్రవమున తేలు అట్టి గొట్టమును చేయించి పంపుమని గణితవేత్త్రి హైపేషియాకు జాబు వ్రాసెను. 1768లో బోమే దానికి డిగ్రీలు గీసెను. సుమారు 25 బోమే డిగ్రీలకు చేరిన సముద్రజలము ఉప్పుగా గట్టిపడసాగును. ఉప్పుమడిలోని నీరు పండినదని చెప్పు హైడ్రోమీటరే బ్యాటరీ నిండినదనియు చెప్పును. బడులకు ప్రయోగశాల పరికరములు చేసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1926లో మచిలీపట్నములోనే పుట్టుట ఇచట గుర్తుకు రాక మానదు.

గంటకొకసారి చొప్పున మూడుమార్లు చూచినను విశిష్ట గురుత్వము పెరుగనిచో బ్యాటరీ నిండినట్లే. అయితే వేడిమిని లెక్కలోనికి తీసికొనవలెను. పది సెంటీగ్రేడు డిగ్రీలకు 0.007 తేడా వచ్చును. మే నెలలో గుడివాడలో ఛార్జి అగుచున్న బ్యాటరీ ఆమ్లము 47 డిగ్రీలకు చేరి, హైడ్రోమీటరు 1.230 చూపినదనుకొందము. 27 డిగ్రీల వద్ద అది 1.244తో సమానము. శీతల దేశములలో నిండిన బ్యాటరీకి 1.280 వరకు ఉంచుదురు. ఉష్ణదేశములలో చిక్కని ఆమ్లము పలకలను త్వరగా తినివేయును గనుక తరచు 1.240 దాపున సరిపెట్టుదురు. పరదేశపు గొట్టముపైనున్న పచ్చగీటునే నమ్మి, నిండిన దానినే ఇంకను నింపబోయినచో నీరు ఇగిరి పలకలు పాడగును.

తగ్గిన మట్టమును స్వేదనజలముతోనే పూరింపవలెను. పోసిన వెంటనే కొలువరాదు; నీరు పైననే తేలి తక్కువ చూపును. పడవలో ఉప్పునీరు చేతికందునుగదాయని పోసినచో, ఛార్జి చేయునపుడు విషవాయువగు క్లోరిన్ పుట్టును.

మూత తీయ వీలులేని నేటి సీసపు బ్యాటరీలలో హైడ్రోమీటరు పెట్టు దారి లేదు. ఛార్జరు తగిలించియున్నపుడు వోల్టుమీటరు చూపు 14 వోల్టులు సాక్ష్యము కాదు. ఛార్జరు తీసి, కొన్ని గంటలు ఏ పనికిని వాడక, తరువాత కొలిచినపుడు 12.7 వోల్టుల దాపున నిలిచినచో పన్నెండు వోల్టుల బ్యాటరీ నిండినదనుకొనవచ్చును.