ఆర్‌కూ డీకూ మధ్య ఎన్ ఎందుకుంది?

పోయిన వేసవి సెలవుల్లో మా చిన్నాయన ఆటోమేటిక్ కారు కొన్నాడు. క్లచ్ తొక్కే పని లేదు కదా అని మా అమ్మ కూడా నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఒకరోజు ముందుకు పోవాలని చూసుకోకుండా రివర్స్‌లో వేసింది. కారు వెనక్కి పోయి గోడకు తగిలింది. మా చెల్లి అప్పటిదాకా అక్కడే ఆడుకుంటూ ఉండింది. ఇంట్లో అందరూ అమ్మనే అన్నారు. ఆమె మళ్ళీ స్టీరింగు ముట్టలేదు.

ఆ గేరు పక్కనుండే అక్షరాల మీద నాకు ఆసక్తి కలిగింది. పి అంటే పార్కింగ్, ఆర్ రివర్స్, ఎన్ న్యూట్రల్, డి డ్రైవ్, ఎల్ లో గేరు. ఈ వరుస మొదటినుంచీ ఇట్లా లేదు.

1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 'హైడ్రామాటిక్' అనే గేరుబాక్సును తెచ్చింది. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో దాన్ని పెట్టారు. తర్వాత ఒక్కో కంపెనీ ఒక్కో వరుస పెట్టుకుంది. క్రైస్లర్ కంపెనీ 1956 నుంచి 1964 మోడళ్ళ వరకు గేర్లకు బటన్లే పెట్టింది. కొన్ని కార్లలో పి, ఎన్, డి, ఎల్, ఆర్ అని ఉండేది. అంటే ముందుకు పోయే ఎల్ పక్కనే వెనక్కి పోయే ఆర్! చెయ్యి కొంచెం ఎక్కువ జరిగితే చాలు, కారు అనుకున్న దిక్కుకు కాక ఎదురు దిక్కుకు పోయేది. తప్పంతా డ్రైవరుదే అనేవాళ్ళు.

1965లో రాల్ఫ్ నాడర్ 'అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్' అనే పుస్తకం రాశాడు. కార్ల తయారీలోని లోపాలతో పాటు ఈ గేరు వరుసను కూడా అందులో తప్పుపట్టాడు. తర్వాత అమెరికా ప్రభుత్వం 102వ నెంబరు భద్రతా ప్రమాణం తెచ్చింది. 1968 నుంచి ముందు గేరుకూ రివర్స్‌కూ మధ్య న్యూట్రల్ తప్పనిసరి అయింది. గేరులో ఉండగా ఇంజను స్టార్టు కాకూడదని కూడా అందులో ఉంది. ఇప్పుడు చాలా కార్లలో బ్రేకు తొక్కితేనే గేరు పి నుంచి కదులుతుంది.

అయినా మన జాగ్రత్త మనకుండాలి. కారు పూర్తిగా ఆగాకే ఆర్ నుంచి డీకి, డి నుంచి ఆర్‌కు మార్చాలి. పి వేస్తే గేరుబాక్సులో చిన్న ఇనుప కొక్కెం పళ్ళచక్రానికి తగులుకుంటుంది. బరువంతా దాని మీద పడకుండా హ్యాండ్‌బ్రేకు కూడా వేయాలి. తిరుమల లాంటి కొండ దిగేటప్పుడు ఎన్‌లో వదలకూడదు. ఎల్‌లో పెడితే ఇంజనే వేగాన్ని పట్టుకుంటుంది, బ్రేకులు వేడెక్కవు.

ఇదంతా అమ్మకు చెప్పాను. "అయితే నాలాగా పొరపాటు పడినవాళ్ళు అమెరికాలో కూడా ఉన్నారా?" అని నవ్వింది. ఉన్నారమ్మా, వాళ్ళను తిట్టి ఊరుకోకుండా కారును మార్చారు కాబట్టే మనకు ఈ ఎన్ మధ్యలో వచ్చింది అన్నాను. ఆదివారం అమ్మ మళ్ళీ కారు తీసింది. చెల్లిని నేను చెయ్యి పట్టుకొని అరుగు మీద నిలబడ్డాను. అమ్మ బ్రేకు తొక్కి, అక్షరం చూసి, డి వేసింది.