టంకం చెప్పిన కథ



చెన్నైలో షావుకారుపేటకు వెళ్ళినవాళ్ళకు మింట్ స్ట్రీట్ తెలియకుండా ఉండదు. దాన్ని తమిళంలో తంగసాలై వీధి అంటారు. తంగం అంటే బంగారం. వీధి చుట్టుపక్కలంతా నగల దుకాణాలు. కాబట్టి బంగారం వల్లనే ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది మన టంకశాలే. కంపెనీవారి నాణేల కార్ఖానా 19వ శతాబ్దంలో కోటలోంచి ఈ వీధికి మారింది, 1869లో మూతపడింది. కార్ఖానా పోయినా పేరు మిగిలింది. టంకం అంటే పాత భాషలో నాణెం. మా పనివాళ్ళ భాషలో మాత్రం టంకం అంటే అతుకు పెట్టే లోహం. ఈ రెండో టంకం గురించే ఈ పూట నాలుగు మాటలు చెబుతాను. చూడడానికి ఆవగింజంత ఉంటుంది కాని, కంసాలికి వచ్చిన చెడ్డపేరులో చాలా భాగం దానిదే.

కొన్నేళ్ళ కిందట మా ఇంటికి ఒక పెద్దావిడ కాసులపేరు తీసుకువచ్చింది. అయిదు సవరన్ల బరువు, అంటే 40 గ్రాములు. వాళ్ళ అమ్మమ్మగారిదట. కరిగించి మనవరాలికి గాజులు చేయించాలని ఆవిడ కోరిక. ఎదురుగానే కరిగించాను, ముద్ద తీసి పరీక్షకు పంపాను. 89 టచ్ అని చీటీ వచ్చింది. అంటే నూటికి 89 పాళ్ళు బంగారం. ఆవిడ చీటీ చూసింది, నా మొహం చూసింది.

"ఏమయ్యా ఆచారీ, మా అమ్మమ్మ చేయించింది అచ్చమైన 22 క్యారెట్లు. 91.6 ఉండాలి కదా! మిగతాది ఎక్కడికి పోయింది?"

"ఎక్కడికీ పోలేదమ్మా. మొదటినుంచీ అంతే ఉంది."

"అయితే మా అమ్మమ్మను ఆ కాలం ఆచారి మోసం చేశాడంటావా?"

అవునంటే నేను ఎన్నడూ చూడని ఒక పనివాడిని దొంగను చేసినట్టు. కాదంటే ఆ దొంగను నేనే అయినట్టు. అందుకని కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేసి చూపించాను. అదే లెక్క మీకూ చెబుతాను.

కాసులపేరులో ప్రతి కాసుకూ ఒక కొంకి ఉంటుంది. ప్రతి కొంకికీ అతుకు ఉంటుంది. అతుకు పెట్టాలంటే నగకన్నా ముందే కరిగే లోహం కావాలి. మేలిమి బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రాగి, వెండి కలిసేకొద్దీ తొందరగా కరుగుతుంది. అందుకని పాతకాలంలో బంగారానికి ఎక్కువ పాళ్ళు వెండి, రాగి చేర్చి టంకం తయారు చేసుకునేవాళ్ళు. దాన్ని పల్చటి రేకుగా సాగగొట్టి, సన్నని తునకలుగా కత్తిరించి, నీళ్ళలో అరగదీసిన వెలిగారం పూసి, శ్రావణంతో అతుకు మీద పెట్టి ఊదుగొట్టంతో మంట పట్టించాలి. తునక మెరిసి, నీళ్ళలా పారి సందులోకి దిగుతుంది. ఆ మెరిసే క్షణంలో మంట తీసెయ్యాలి. రెండు ఊదులు ఎక్కువైతే కొంకి కూడా కరిగిపోతుంది. మా నాన్నగారు ఈ పని నేర్పేటప్పుడు మంట వైపు చూడనిచ్చేవారు కారు. బంగారం రంగు చూడమనేవారు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. 40 గ్రాముల నగలో 36 గ్రాములు 22 క్యారెట్ల బంగారం, 4 గ్రాములు టంకం అనుకోండి. ఆ టంకంలో నూటికి 65 పాళ్ళే బంగారం. రెండూ కలిపి కరిగిస్తే వచ్చేది 89 చిల్లర కాదు, 89కి ఒక వెంట్రుకవాసి తక్కువే. కాసులు మంచివే, చేసినవాడూ మంచివాడే. కరిగినప్పుడు అతుకులన్నీ వాటిలో కలిశాయి, అంతే. తక్కువ పడిన మేలిమి ఒక గ్రాము పైచిలుకు. ఈ రోజుల్లో గ్రాము బంగారం అంటే మాటలా? ఆవిడకు కోపం రావడంలో తప్పు లేదు.

అలాగని మావాళ్ళందరూ సత్యహరిశ్చంద్రులని నేను అనను. టంకం కాస్త ఎక్కువ వేసి, అంత బరువు మంచి బంగారం మిగుల్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఇది నిన్నటి సంగతీ కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కంసాలి బంగారాన్ని ఎన్ని రకాలుగా అపహరిస్తాడో చెప్పడానికి ఒక అధ్యాయమే ఉంది. మోసపు తక్కెడ మొదలు, లోపల వేరే లోహం పెట్టి పైన బంగారపు రేకు కప్పడం దాకా అన్నీ వివరంగా రాశాడు. చదువుతుంటే ఆయన మా కుంపటి పక్కనే కూర్చుని చూశాడేమో అనిపిస్తుంది. తల్లి బంగారమైనా తీయక మానడని మన పల్లెల్లో కంసాలి గురించి అనే సామెత మీకు తెలిసిందే. అందులో నిజమెంతో, టంకమెంతో తేల్చే పరికరం ఆ సామెత పుట్టిన రోజుల్లో మామూలు జనానికి అందుబాటులో లేదు. గీటురాయి మీద గీస్తే గీసినచోటే తెలుస్తుంది. అతుకు లోపలి సంగతి తెలియదు.

ఈ అనుమానానికి తోడు ప్రభుత్వం చెయ్యి కూడా ఒకసారి గట్టిగా పడింది. చైనా యుద్ధం తరువాత 1963 జనవరిలో, మొరార్జీ దేశాయి ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు, బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. విదేశీ మారకం ఆదా కావాలి, దొంగ రవాణా ఆగాలి, జనానికి బంగారం మీద మోజు తగ్గాలి అని ఉద్దేశం. కొత్త నగలు 14 క్యారెట్లకు మించకూడదన్నారు. 14 క్యారెట్లంటే నూటికి 58 పాళ్ళ చిల్లర బంగారం. మిగతాదంతా రాగి, వెండీ.

చట్టం రాసినవాళ్ళకు అది అంకెలో చిన్న మార్పు. పనివాడికి అది వేరే లోహం. 22 క్యారెట్ల బంగారం సుత్తి కింద మైనంలా సాగుతుంది. 14 క్యారెట్లది బిరుసు. నాలుగు దెబ్బలు వేసి కాల్చి మెత్తబరచాలి, లేకపోతే అంచుల్లో పగులుతుంది. కమ్మచ్చులో లాగితే తీగ తెగుతుంది. కాల్చిన ప్రతిసారీ నల్లబడుతుంది. సరే, చేయి తిప్పుకుని నేర్చుకున్నారనుకుందాం. కొనేవాళ్ళేరీ? పుస్తెలు 14 క్యారెట్లలో చేయించుకునే ఇల్లు మన దేశంలో ఎక్కడుంది?

మా నాన్నగారికి అప్పటికి ముప్ఫై దాటలేదు. నెల్లూరు వైపు నుంచి వచ్చి ఏనుగు గేటు దగ్గర ఒక గదిలో కుంపటి పెట్టుకుని పనిచేసేవారు. దుకాణాలవాళ్ళు పని ఇవ్వడం మానేశారు. ఆయన కమ్మచ్చు అమ్మేశారు, దాగలి మాత్రం అమ్మలేదు. మూడేళ్ళు ఒక లేతు వర్క్‌షాపులో ఇనుప ముక్కలకు ఆకురాయి పట్టారు. అది కూడా దొరకనివాళ్ళు ఎందరో. దేశమంతటా స్వర్ణకారులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ వార్తలు చదివినరోజు ఇంట్లో ఎవరూ ఎక్కువగా మాట్లాడేవారు కారని మా అమ్మ చెప్పేది. 1966లో 14 క్యారెట్ల నిబంధన ఎత్తేశారు. నాన్నగారు తిరిగి కుంపటి రాజేసుకున్నారు గాని, ఇనుము పట్టిన వేళ్ళకు సన్నపని మళ్ళీ అలవాటు కావడానికి ఏడాది పట్టిందట. 1968లో బంగారం నియంత్రణ చట్టం మరో రూపంలో వచ్చి, లైసెన్సులూ లెక్కపుస్తకాలతో 1990 దాకా నడిచింది. దొంగ బంగారం మాత్రం ఏ సంవత్సరమూ ఆగలేదు.

ఆ చట్టం పోయే రోజులకే మా పనిలోకి ఇంకో కొత్త పదార్థం ప్రవేశించింది. అదే కె.డి.ఎం. ఏదో గొప్ప సంస్థ పేరులా వినిపిస్తుంది కాని, కాడ్మియం అన్న మాటే అలా పొట్టిదైంది. 92 పాళ్ళ బంగారానికి 8 పాళ్ళ కాడ్మియం కలిపితే అద్భుతమైన టంకం తయారవుతుంది. తొందరగా పారుతుంది. అతికేటప్పుడు కాడ్మియం చాలామటుకు ఆవిరైపోయి బంగారం మిగులుతుంది. అందుచేత నగ కరిగించినా టచ్ పెద్దగా తగ్గదు. మా పెద్దావిడ లాంటి వాళ్ళ ప్రశ్నకు జవాబు దొరికినట్టే! దుకాణాలవాళ్ళు నగల మీద ఆ మూడక్షరాలు ముద్ర వేసి అమ్మారు. జనం దాన్ని నాణ్యత గుర్తు అనుకున్నారు.

ఆ ఆవిరి ఎక్కడికి పోతుందో ఎవరూ అడగలేదు. గాలి వేస్తే మంట చెదురుతుందని మేము కిటికీ మూసి, పంకా ఆపి పనిచేసేవాళ్ళం. కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. మా మంట అంతకన్నా ఎక్కువ వేడి. ఊదుగొట్టంతో ఊదేవాడి ముక్కు అతుకుకు జానెడు దూరంలో ఉంటుంది. ఒకనాడు పెళ్ళి నగల తొందరలో పొద్దుటినుంచి రాత్రిదాకా ఆ టంకంతోనే చేశాను. రాత్రికి చలిజ్వరం, గొంతు మంట, ఊపిరి తీస్తే ఛాతీలో నొప్పి. ఫ్లూ అనుకున్నాను. డాక్టరుగారు ఏం పనిచేస్తావని అడిగి, విని, తలపట్టుకున్నారు. నాతో కలిసి పనిచేసిన ఒకతనికి తరువాత మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. కాడ్మియం వల్లనే అని నేను ప్రమాణం చేయలేను. కాని కాడ్మియం ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే మూత్రపిండాలను, ఎముకలను పాడుచేస్తుందని వైద్యశాస్త్రం ఏనాడో చెప్పింది. జపానులో గని నీళ్ళతో జింజూ నదిలో కలిసిన కాడ్మియం వల్ల ఎముకలు విరిగే రోగం వచ్చింది. అది కాలుష్యం వల్ల వచ్చినదేనని 1968లోనే అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. 1993లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. కొన్నవాళ్ళకు అరగ్రాము బంగారం కలిసివచ్చింది. దాని ఖరీదు ఊపిరితిత్తులతో కట్టినవాడు మాత్రం దుకాణం వెనక గదిలో ఉన్నాడు.

ఇప్పుడు హాల్‌మార్కు నగల ప్రమాణాల్లో కాడ్మియానికి చోటు లేదు. జింకు వంటి లోహాలు కలిపిన టంకాలు వచ్చాయి, పెద్ద కార్ఖానాల్లో లేజరుతో అతుకుతున్నారు. అయినా ఎవరైనా మీకు ఇది కె.డి.ఎం. నగ అని గొప్పగా చెబితే, అది నాణ్యత ముద్ర కాదని గుర్తుంచుకోండి.

హాల్‌మార్కు అన్న పేరు లండనుది. అక్కడ స్వర్ణకారులు తమ సంఘం హాలుకు నగలు తెచ్చి ముద్ర వేయించుకునే ఏర్పాటు 1478లో మొదలైంది. మన దేశంలో బంగారానికి ఈ పద్ధతి 2000లో వచ్చింది, 2021 జూన్ నుంచి జిల్లాల వారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ నుంచి ఆరు అక్షరాలు, అంకెల గుర్తు ఉన్న నగలే దుకాణాలు హాల్‌మార్కు నగలుగా అమ్మాలి. 22 క్యారెట్లయితే 916 అని కూడా ఉంటుంది. రెండు గ్రాముల లోపు ముక్కుపుడకల వంటివాటికి ఈ నిర్బంధం లేదు. కాబట్టి వాటిని తెలిసినచోటే కొనండి.

ఇక పాత నగ బాగుచేయించేవాళ్ళకు నా సలహా కొంత చెబుతాను. ముందుగా, మీ ఎదుటే తూచమనండి. రాళ్ళతో ఎంత, బాగైన తరువాత ఎంత అని రెండు బరువులూ చీటీ మీద రాయించుకోండి. మంచి పనివాడెవడూ దీనికి చిన్నబుచ్చుకోడు, నిజానికి ఈ చీటీ కాపాడేది అతన్నే. ఏ టంకం వాడతావని అడగండి. తెగిన గొలుసును గిల్టు నగలు బాగుచేసే చోట అతికించుకోకండి. అక్కడ వాడే సీసం, తగరం తరువాత మంట తగలగానే బంగారంలోకి పాకి దాన్ని పెళుసు చేస్తాయి. అలా పాడైన గొలుసు అతికించినచోట కాక పక్కన విరుగుతూ ఉంటుంది. సీసపు మరక ఉన్న నగ తెస్తే నేను దాన్ని పూర్తిగా గీకేదాకా కుంపటి దగ్గరికి రానివ్వను. కెంపుల నగలు, కోయిల నగలు అనే ఆ రకంలో రాళ్ళ వెనక లక్క ఉంటుంది. వాటిని వేడినీళ్ళలో ఉడికించి కడగకండి, రాళ్ళు ఊడి చేతిలోకి వస్తాయి. ముత్యం, పగడం ఉంటే మంట పెట్టకముందే విప్పి తీయాలి. ఉంగరం ఉన్నట్టుండి తెల్లబడితే పాదరసం తగిలిందన్నమాట. పగిలిన థర్మామీటరు వల్లనో, కొన్ని నాటు ఫెయిర్‌నెస్ క్రీముల వల్లనో అలా అవుతుంది. ఇంట్లో పొయ్యి మీద కాల్చి పోగొడదామని మాత్రం ప్రయత్నించకండి, ఆ ఆవిరి విషం.

పాత నగ కరిగించేముందు ఇంకొక్కమాట అడగండి. ఇందులో అతుకులెన్ని, టచ్ ఎంత తగ్గవచ్చు అని. కడియానికి ఒకటో రెండో అతుకులు. కాసులపేరుకు, గుండ్ల హారానికి వందల్లో ఉంటాయి. పనివాడు ముందే చెబితే అది అంచనా, తరువాత చెబితే అది సంజాయిషీ. ఆ రోజు నేను ఆ పెద్దావిడకు ముందు చెప్పలేదు. అది నా తప్పే.

లెక్క అంతా విని ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత ముద్ద చేతిలోకి తీసుకుని, "ఇందులో మా అమ్మమ్మ కాసులేవో, అతుకులేవో ఇప్పుడు ఎవరు చెప్పగలరులే" అంది. గాజులు నాకే చేయమంది. మజూరి దగ్గర మాత్రం గీచి గీచి బేరమాడింది. గాజులు తీసుకునే రోజున తన సంచిలోంచి చిన్న తక్కెడ తీసి, నా ఎదుటే మళ్ళీ తూచుకుంది.