లక్కకెక్కిన సంగీతము

లక్క యనగానే మనవారికి మొదట జ్ఞప్తికి వచ్చునది వారణావతమున పాండవులకై కట్టబడిన యిల్లు. పిమ్మట చార్మినారు చెంతనున్న లాడ్ బజారులోని గాజులు. ఈ లక్కయే అర్ధశతాబ్దమునకు మించి లోకములోని సంగీతమును మోసినదన్న సంగతి పలువురు తలపరు. మన పెద్దలు 'ప్లేట్లు' అని పిలిచిన గ్రామఫోను రికార్డులు లక్కను, రాతిపొడిని, నల్లరంగును కలిపి అచ్చువేసినవి. ఆ లక్కలో మిక్కిలి భాగము హిందూదేశపు అడవులలో మోదుగ మొదలగు చెట్లకొమ్మలనుండి గీచి తెచ్చినదే. మన కొమ్మలపై పురుగు పెట్టిన బంక ఓడలెక్కి లండను చేరి, అచటి దొరల పాటను వీపున మోసికొని మరల మన యూళ్లకు వచ్చెను. 1928లో కలకత్తా ప్రక్కనున్న దమ్ దమ్‌లో గ్రామఫోను కంపెనీ పెద్ద కర్మాగారమును నెలకొల్పినది. విమానాశ్రయమునకును, పాటల ప్లేట్లకును ఒక్క పేరే ప్రసిద్ధమైన ఊరది.

అయితే ఇంగ్లీషువారి వాద్యబృంద సంగీతమును, సమూహగానమును లక్కకెక్కించుట తొలిదినములలో సులభము కాదు. 1925కు పూర్వము మైకు లేదు. గోడనుండి పొడుచుకొనివచ్చిన బాకా యెదుట వాయించువారందరు ఒకరినొకరు ఒరసికొని కూర్చుండవలెను. వారి ఊపిరియు నాదమును ఆ బాకాలో దూరి, కొసనున్న పలుచని పొరను కదల్చి, సూదిచేత మైనముపై గీత గీయించెడివి. ఒంటి కంఠము బాగుగ పట్టుబడెడిది. ఫిడేళ్ల మెత్తని నాదము సగము దారిలోనే జారిపోయెడిది. అందుచేత లోహపు బాకా తగిలించిన ఫిడేళ్లను, క్రింది స్వరములకు పెద్ద తీగెవాద్యములకు బదులు ఇత్తడి బూరలను వాడిరి. వందమంది ఒక్కపెట్టున పాడిన పాట ఆ బాకాకు మింగుడుపడునది కాదు. పైగా పండ్రెండంగుళముల ప్లేటుకు ఒక్కొక్క ప్రక్క నాలుగు నిమిషములకు కొంచెము మించి పట్టదు. గంటసేపు విప్పవలసిన రాగమును చిటికెడు చేసి పాడిన మన విద్వాంసుల కష్టమే వారికిని కలిగినదన్న మాట.

1925లో విద్యుత్తు సాయముతో ముద్రించు పద్ధతి వచ్చెను. ఆ మార్చి 31న న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపెరా భవనమున 850 మంది గాయకులు పాడిన క్రిస్మసు కీర్తనను, చివర గొంతు కలిపిన వేలకొలది శ్రోతలతోకూడ, కొలంబియా కంపెనీ పట్టుకొన్నది. సమూహగానమునకు లక్కపై నిజమైన చోటు దొరికినది అప్పటినుండియే.

తన రచనలను తానే నడిపించి, భావికాలమునకై లక్కపై నిలిపిన ఇంగ్లీషు వాగ్గేయకారులలో ఎడ్వర్డ్ ఎల్గార్ అగ్రగణ్యుడు. 1914 జనవరిలో ఆయన మొదటిసారి బాకా యెదుట నిలిచెను. 1931 నవంబరులో లండనులోని ఆబీ రోడ్డు శాల తెరువబడినప్పుడు వాద్యబృందమును నడిపించినదియు ఆయనయే. 1934 జనవరిలో వూస్టరు పట్టణమున మరణశయ్యపై నుండియు, టెలిఫోను తీగె ద్వారా లండను శాలలో వాయించుచున్నవారి సంగీతమును విని, దిద్దుబాట్లు చెప్పెను. మరునెలలో కన్నుమూసెను. త్యాగయ్యగారి కీర్తనను త్యాగయ్యగారే ఎట్లు పాడిరో వినుటకు మనకేమియు మిగులలేదు. ఎల్గార్ తన పాటను ఏ వేగముతో నడిపెనో నేటి బాలుడును వినగలడు. ఈ భేదము చిన్నది కాదు.

ఎల్గార్ హిందూదేశమును గూర్చియు సంగీతము వ్రాసినాడు. 1911 ఢిల్లీ దర్బారు ఉత్సాహమును పురస్కరించుకొని 1912 మార్చిలో లండను కొలీసియమున 'హిందూదేశ కిరీటము' అను ప్రదర్శన జరిగెను. రాజధాని పదవికై ఢిల్లీ, కలకత్తా నగరములు స్త్రీవేషములతో వాదించుకొనుట, ఇంగ్లీషువారి పుణ్యపురుషుడు నడుమ ప్రత్యక్షమగుట అందలి కథ. సంగీతము రమ్యమే, కథ మాత్రము దొరతనమువారి బాకా. ఆ సంగీతమునుండి కూర్చిన మాలికను 1930లో ఎల్గారే స్వయముగా లక్కకెక్కించినాడు.

దానికి కొంచెము ముందే మన హైదరాబాదు ఆడుబిడ్డ పలుకులును ఇంగ్లీషు సంగీతమునకు ఎక్కినవి. సరోజినీదేవి 1905లో లండనులో ప్రకటించిన 'గోల్డెన్ త్రెషోల్డ్' పద్యములను తీసికొని లైజా లేమన్ అను విదుషి 1906లో నాలుగు కంఠములకు ఒక గీతమాలికను కూర్చెను. ఆబిడ్సులోని సరోజినీదేవి యింటికిని ఆ గ్రంథము పేరే నిలిచినది.

హిందూదేశమును దర్బారులోగాక గ్రంథములో వెదకిన ఇంగ్లీషువాడు మరియొకడు కలడు. ఆయన గుస్తావ్ హోల్స్ట్. 1874లో చెల్టెన్‌హాములో జన్మించెను. వృత్తిచేత బడిపంతులు, 1905 మొదలు మరణమువరకు లండనులోని సెయింట్ పాల్స్ బాలికా పాఠశాలలో సంగీతము నేర్పెను. మేమును బడిపంతులమే గావున ఈ సంగతి మాకు ప్రియమైనది. వారములో అయిదు దినములు పాఠములు చెప్పి, సెలవులలోను ఆదివారములలోను రచన సాగించిన మనుజుడు. కుడిచేయి నరముల నొప్పిచే కలము పట్టలేనప్పుడు పాఠశాలలోని తోడివారు ఆయన చెప్పగా వ్రాసిపెట్టెడివారు. హిందూదేశమునకు ఎన్నడును రాలేదు. ఋగ్వేదసూక్తముల తర్జుమాలు చదివి తృప్తి చెందక, ఇరువది యైదేండ్ల ప్రాయమున లండను యూనివర్సిటీ కాలేజీలో చేరి, మేబెల్ బోడ్ అను పండితురాలి యొద్ద దేవనాగరి అక్షరములనుండి మొదలుపెట్టెను. శబ్దములు, ధాతువులు కొంత వశమైన పిమ్మట నిఘంటువు ముందిడుకొని సూక్తములను తానే ఇంగ్లీషు చేసికొనెను. కాశీలో చదివిన శాస్త్రిగారికి ఆ పాండిత్యము నవ్వు పుట్టింపవచ్చును. కాని స్త్రీలు వేదము వినరాదని మన పెద్దలు వాదించుచున్న ఆ దినములలోనే ఒక పండితురాలు సంస్కృతము నేర్పగా నేర్చి, హోల్స్ట్ ఋక్కుల భావమును స్త్రీలు పాడుటకై స్వరపరచెను!

1908 నుండి 1912 వరకు ఆయన ఋగ్వేదసూక్తములను నాలుగు వర్గములుగా సమూహగానమునకు కూర్చెను. మొదటి వర్గమున హిరణ్యగర్భసూక్తము కలదు. రెండవ వర్గమున వరుణుని, అగ్నిని గూర్చిన సూక్తములు స్త్రీకంఠములకు, వాద్యబృందమునకు. మూడవది స్త్రీకంఠములకును హార్పు అను తీగెవాద్యమునకును మాత్రమే. ఉషస్సు, జలములు, వేనుడు, బాటసారుల ప్రార్థన అందలి విషయములు. నాలుగవది పురుషులకు. ఉదాత్తానుదాత్తములను వెదకువారికి ఇవి వేదపఠనము కావు. తెల్లవారుజామున తలుపు తెరచిన గాలివలె నుండు ఆ మూడవ వర్గము మాత్రము మాకు నాలుగింటిలో మిక్కిలి ఇష్టము.

హోల్స్ట్ పేరు లోకమునకు తెలిసినది వీనివలన కాదు, 'గ్రహములు' అను వాద్యబృంద రచనవలన. (ఆయనకు జాతకములు చూచు వ్యసనముండెను. ఇంగ్లీషు చదివినంత మాత్రమున అది పోవునను ఆశ మనకక్కరలేదు.) దానిని ఆయనయే కొలంబియా కంపెనీకై రెండుమారులు నడిపించెను: 1922 మొదలు బాకా పద్ధతిని ఏడు ప్లేట్లమీద, 1926లో విద్యుత్పద్ధతిని మరల. మొదటిసారి ఇరుకుగదిలో శుక్రుని ఖండము ఆరంభించు కొమ్ముబూర విద్వాంసునకు ఊపిరి చాలక, పలుమారులు మరల మొదలుపెట్టవలసివచ్చెనట. అంగారకుని ఖండము ఐదు మాత్రలమీద నడచును. మన ఖండచాపు తెలిసినవారు మొదటి నిమిషములోనే తొడపై తాళము వేసికొందురు.

రామాయణమునుండి 'సీత', మహాభారతమునుండి 'సావిత్రి', కాళిదాసునుండి మేఘసందేశము కూడ ఆయన కూర్చినవే. వీనిలో 'సావిత్రి' అరగంట నాటకము. ముగ్గురు పాత్రలు, చాటుననుండి మాటలు లేక పాడు స్త్రీబృందము, పండ్రెండుగురు వాద్యకులు. 1916 డిసెంబరులో లండనులో విద్యార్థులు మొదట ప్రదర్శించిరి. మన తెలుగు సావిత్రి 1933లోనే సి. పుల్లయ్యగారి చేతిమీదుగా టాకీ యయి, వేమూరి గగ్గయ్యగారి యముని కంఠము ఆంధ్రదేశమంతట మ్రోగినది. ఇంగ్లీషు సావిత్రి రికార్డు కెక్కుటకు 1965 వరకు వేచియుండెను. ఆ లోపల 1948లో లక్కను విడిచి, ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టు వినైలు ప్లేటు పుట్టియుండెను. హోల్స్ట్ కుమార్తె ఇమోజెన్ ఆర్గో కంపెనీకై నడిపించిన ఆ రికార్డులో జానెట్ బేకర్ సావిత్రి. ఆ కాలముననే సూక్తముల మూడవ వర్గమును ఇమోజెన్ పర్సెల్ గాయకులచేత పాడించి ముద్రింపించెను. మరికొన్ని వర్గములను 1980లలో డేవిడ్ విల్‌కాక్స్ రాయల్ సంగీత కళాశాల గాయకులతో నిలిపెను.

2008 మార్చిలో విమానములు బేగంపేటనుండి శంషాబాదునకు తరలివచ్చినవి. ఆ చుట్టుపట్ల పిల్లలకు చదువు చెప్పు మేము ఒకనాడు 'సావిత్రి' రికార్డును తరగతిలో వినిపించితిమి. మొదట వాద్యమేదియు లేక, దూరమునుండి మృత్యువు కంఠ మొక్కటే వినవచ్చును. దానికి నిశ్శబ్దము కావలెను. నెత్తిమీదుగ విమానము పోవునప్పుడెల్ల ఆపి, మరల వెనుకకు త్రిప్పవలసివచ్చెను. భారతమున సావిత్రి మామగారి చూపును, రాజ్యమును, తండ్రికి కుమారులను, పిమ్మట తనకు కుమారులను కోరి, యముని మాటలోనే యముని బంధించును. ఎఱ్ఱన ఆరణ్యపర్వశేషమున ఈ కథ చదువని తెలుగువారరుదు. హోల్స్ట్ సావిత్రి అట్లు కాదు. భర్త ప్రాణమును తప్ప నీకై నీవేదేని కోరుకొమ్మని మృత్యువనగా, ఆమె తనకు జీవితమునే కోరును. పిమ్మట, సత్యవంతుడు లేనిది అది నిండు జీవితము కాదని వాదించి గెలుచును. మా తరగతిలో ఒక బాలిక లేచి, "సార్, మన కథల సావిత్రి పెనిమిటి పానం కోసం పోయింది గద, ఈమె తన బతుకు అడుగుతున్నదేంది?" అని ప్రశ్నించినది. సావిత్రీవ్రతము నోచిన ఇండ్లలో ఆ ప్రశ్న ఎన్నడైన పుట్టెనా? మేమా బాలికకు రెండు కథలను ప్రక్కప్రక్కన చదువుమని మాత్రము చెప్పితిమి.

ఏది రికార్డగును, ఏది కాదు అనునది గుణమునుబట్టియే జరుగదు. పొడవును, పైకమును చూడవలెను. ఎల్గార్ 'జెరోన్షియసు స్వప్నము' 1900లో పుట్టినను, సంపూర్ణముగ రికార్డయినది 1945లో. దాని కయిన ఖర్చును భరించుటకు బ్రిటిషు కౌన్సిలు ముందుకు రావలసివచ్చెను. మాల్కం సార్జెంటు నడిపించిన ఆ రచనకు పండ్రెండు ప్లేట్లు పట్టినవి. మన పొరుగున మైసూరు మహారాజు జయచామరాజ ఒడయరు, తాను సంస్కృతమున కీర్తనలు రచించిన రసికుడు, రష్యాదేశమునుండి వచ్చి లండనులో నివసించు నికొలాయ్ మెట్నరు రచనలను తన ధనముతో రికార్డు చేయించెను. ఫిల్హార్మోనియా వాద్యబృందమును పోషించెను. ఇదే హిందూదేశపు సొమ్ములో ఒక పాలు హోల్స్ట్ సంస్కృతరచనలపై పడినయెడల అవి ముప్పది యేండ్లు ముందు వినబడెడివేమో యని మా కనిపించును. రసికుని యిష్టము రసికునిది, దానికి తప్పుపట్టము.

మేఘసందేశము పాలు అన్నిటికంటె దీనము. 1913 మార్చి 4న లండను క్వీన్స్ హాలులో హోల్స్ట్ దానిని నడిపించెను. సుమారు నలుబది నిమిషముల రచన. సభవారికి రుచింపలేదు, ఏండ్ల శ్రమ ఒక్క రాత్రిలో మూలబడెను. 1934 మే నెలలో హోల్స్ట్ మరణించెను. లక్క ప్లేట్ల యుగము గడచినది, వినైలు యుగమును గడచినది. తుదకు 1990లో రిచర్డ్ హికాక్స్ లండను సింఫనీ వాద్యబృందముతోను, దాని గాయకబృందముతోను మేఘుని అలకాపురికి నడిపించి, చాందోస్ కంపెనీవారి కాంపాక్టు డిస్కునకు ఎక్కించెను. తండ్రి రచనలను జీవితమంతయు కాపాడుచు వచ్చిన ఇమోజెన్ అప్పటికి ఆరేండ్ల క్రిందటనే, 1984 మార్చిలో, కన్నుమూసియుండెను.